షీటు ఎక్కినంత మాత్రాన సర్వర్ ఉన్నట్టు కాదు: సర్వర్ గది లెక్కలపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం మళ్లీ అదే ఫోను. నాగర్‌కర్నూల్ కుర్రాడు, హైదరాబాద్‌లో ఒక సంస్థ సర్వర్ గదిలో కొత్తగా చేరాడు. "అన్నా, ఎక్సెల్ షీటు మొత్తం డీసిమ్‌లోకి ఇంపోర్ట్ చేశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఇక పని అయిపోయినట్టే కదా?" అని అడిగాడు. డీసిమ్ అంటే సర్వర్ గదిలో ఏ పరికరం ఎక్కడ ఉందో లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్. ర్యాకుల దగ్గరికి, అంటే సర్వర్లు ఒకదానిపై ఒకటి బిగించే ఇనుప బీరువాల దగ్గరికి, వెళ్లి చూశావా అంటే వెళ్లలేదన్నాడు. ఎవరూ వెళ్లమనలేదట.

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ప్రకటించింది, ఆ నవంబరులో అమెజాన్ తన రీజియన్ తెరిచింది. డేటా సెంటర్లు వస్తున్న షాద్‌నగర్ వైపు ఊళ్లు మేకగూడ, చందనవెల్లి పేర్లు పేపర్లలో తరచూ కనిపించడం మొదలైంది. 2016 దాకా షాద్‌నగర్ మా పాలమూరు జిల్లాలోదే కాబట్టి జడ్చర్ల, అచ్చంపేట పిల్లలు చాలామంది ఈ పని వైపు చూస్తున్నారు. చేరగానే వాళ్ల చేతికి వచ్చే మొదటి పని దాదాపు ఎప్పుడూ ఇదే: పాత ఎక్సెల్ షీటులోని పరికరాల జాబితాను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం. తప్పుడు మాటలు నేర్చుకునేది కూడా అక్కడే.

అపోహ: ఎర్రర్ రాలేదంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే.

కాదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే, అందుకే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను. ఇంపోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూసేది వరుస కుదిరిందా లేదా అన్నది మాత్రమే. కాలమ్ పేర్లు సరిపోయాయా, ఆ పేరుతో ర్యాక్ ముందే నమోదై ఉందా, ఒకే యూనిట్‌లో (ర్యాకులో ఒక అర లాంటి చోటు) రెండు పరికరాలు పడ్డాయా, తప్పనిసరి గడి ఏదైనా ఖాళీగా ఉందా. అంతవరకే. ఆ ర్యాకులో ఆ సర్వర్ నిజంగా ఉందో లేదో దానికి ఎలా తెలుస్తుంది?

మా నాన్నగారికి కంప్యూటర్ తెలియదు, ఈ సంగతి మాత్రం బాగా తెలుసు. పహాణీలో మా చెలక రెండెకరాల పది గుంటలు. సర్వేయర్ వచ్చి గొలుసు పట్టి కొలిస్తే తొమ్మిది గుంటలు తక్కువ తేలింది. అప్పటి నుంచి ఎవరు కాగితం చూపించినా "మోకా మీద ఎంత ఉంది?" అనే అడిగేవారు. సర్వర్ గదిలో నేను అడిగేదీ అదే.

ఒక అనుభవం చెబుతాను. సంస్థ పేరు అవసరం లేదు. 42 యూనిట్ల ర్యాకులు, చక్కగా రంగులు వేసిన షీటు. ఇంపోర్ట్ ఒక్క దెబ్బకు ఎక్కింది. కొన్ని వారాల తర్వాత, జీతాల ముందు రోజు, పాత సర్వర్ ఒకటి తీసేయమని టెక్నీషియన్‌కు చెప్పారు. తెర మీద అది 32వ యూనిట్‌లో ఉంది. అతను ర్యాక్ దగ్గర కింది నుంచి లెక్కపెట్టి 32లో ఉన్నదాని పవర్ కేబుళ్లు రెండూ లాగాడు. అది జీతాల సర్వర్.

రాత్రి పదింటికి నన్ను పిలిచారు. టార్చ్ వేసి ర్యాక్ ముందు నిలబడితే విషయం అర్థమైంది. ఎవరో షీటు తయారు చేసేటప్పుడు యూనిట్లను పై నుంచి లెక్కపెట్టారు, సాఫ్ట్‌వేర్ కింది నుంచి లెక్కపెడుతోంది. తీయాల్సిన రెండు యూనిట్ల సర్వర్ కింది నుంచి 10, 11లో ఉంది. పై నుంచి లెక్కపెడితే అవే 32, 33. షీటులో 32 అని రాశారు, సాఫ్ట్‌వేర్ నమ్మింది. మొత్తం ర్యాక్ అద్దంలో చూసినట్టు తలకిందులుగా ఎక్కింది. అంతా ఒకే తీరుగా తిరగబడింది కాబట్టి ఎక్కడా రెండు పరికరాలు ఢీకొనలేదు, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఆ కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. తప్పు అతనిది కాదని అక్కడున్న పెద్దలందరి ముందూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

అందుకే ఇంపోర్ట్‌కు ముందు ర్యాక్ దగ్గరికి నడవాలి. ఒకరు సీరియల్ నంబర్ చదవాలి, ఒకరు షీటులో చూడాలి. బార్‌కోడ్ స్కానర్ ఉంటే ఇంకా మంచిది, సున్నాను ‘ఓ’ అని, ఒకటిని ‘ఐ’ అని చదివే తప్పులు పోతాయి. ర్యాక్ పట్టీ మీద అంకెలు కింది నుంచా, పై నుంచా అన్నది మొదట చూడాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ అమరిక ర్యాక్‌కు ర్యాక్‌కు విడిగా పెట్టుకోవచ్చు. వెనుక వైపు కూడా చూడాలి. ముందు నుంచి ఖాళీగా కనిపించే యూనిట్‌లో వెనుక స్విచ్ ఉండవచ్చు. పని చాలా నెమ్మదిగా సాగుతుంది, ఒక్కో ర్యాక్‌కు గంట కూడా పట్టవచ్చు. పట్టనివ్వండి.

అపోహ: ఎక్సెల్‌లో కనిపించేదే ఫైల్‌లో ఉంటుంది.

నాలుగు అంకెలు, మధ్యలో ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’, తర్వాత రెండు అంకెలు ఉన్న సీరియల్ నంబర్ ఒకటి టైప్ చేసి చూడండి. 1234, ఈ, 56 అనుకోండి. ఎక్సెల్ దాన్ని పది ఘాతాల సంఖ్య అనుకుని 1.23, ఈ, ప్లస్ 59 అని చూపిస్తుంది. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైల్) సేవ్ చేస్తే అసలు నంబర్ శాశ్వతంగా పోయినట్టే. ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటిన సంఖ్యల్లో తోక సున్నాలవుతుంది. ఆ కాలమ్‌ను టైప్ చేయకముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. సిద్ధమైన సీఎస్‌వీని ‘ఒకసారి చూద్దాం’ అని డబుల్ క్లిక్ చేసి మళ్లీ సేవ్ చేయకూడదు. ఇందులో చిక్కుకున్నవాళ్లు సిగ్గుపడనవసరం లేదు. ఎక్సెల్ కొన్ని మానవ జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుండటంతో, ఆ పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీయే 2020లో కొత్త నియమాలు ప్రకటించి, అలాంటి పేర్లను మార్చిన సంగతి వివరించింది.

అపోహ: నెట్‌వర్క్ స్కాన్ అన్నీ కనిపెడుతుంది, నడవనక్కర్లేదు.

మాట్లాడే పరికరాన్ని మాత్రమే స్కాన్ కనిపెడుతుంది. కేబుళ్లు కలిపే పలక, అదే ప్యాచ్ ప్యానెల్, మాట్లాడదు, ఆపేసి ఉంచిన స్పేర్ సర్వర్ మాట్లాడదు. మాట్లాడేవి కూడా తమ మోడల్, సీరియల్ చెబుతాయి గానీ ఏ ర్యాకులో ఎన్నో యూనిట్‌లో ఉన్నాయో సాధారణంగా చెప్పలేవు. మీరు నడిచి రాసుకున్న సీరియళ్లతో సరిచూసుకోవడానికి స్కాన్ బాగా పనికొస్తుంది. ఆ మేరకు వాడండి.

అపోహ: స్టిక్కర్ మీద ఉన్న వాట్లే కరెంటు లెక్క.

800 వాట్ల పవర్ సప్లైలు రెండున్న సర్వర్‌కు 1,600 వాట్లు అని రాస్తారు. చాలా సర్వర్లలో రెండోది మొదటిదానికి తోడు. ఒకటి పోతే రెండోది ఒంటరిగా మోయడానికి పెట్టింది. పైగా 800 అన్నది అది ఇవ్వగలిగిన గరిష్ఠం, సర్వర్ తాగేది కాదు. ఇలా రాస్తే సగం ఖాళీగా ఉన్న ర్యాక్ సాఫ్ట్‌వేర్‌లో నిండిపోయినట్టు కనిపిస్తుంది, అవసరం లేని కొత్త ర్యాక్ కొంటారు. ర్యాకులోని పరికరాలకు కరెంటు పంచే ప్లగ్గుల పట్టీ, అదే పీడీయూ, దగ్గర కొలిచిన అంకె తీసుకోండి.

అపోహ: తప్పు ఫైల్ ఎక్కిస్తే సర్వర్లు ఆగిపోతాయి.

ఇది భయం నుంచి పుట్టింది. ఆ భయంతో రాత్రిళ్లు నిద్రపోని పిల్లలు నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది జాబితా. జాబితాలో గీత కొట్టినంత మాత్రాన యంత్రం ఆగదు. పీడీయూలను తెర మీద నుంచే ఆన్, ఆఫ్ చేసేలా కలిపి ఉంటే, లేదా ఆ జాబితా చదివి స్విచ్‌ల సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే మాత్రం సీనియర్‌ను అడగకుండా ముట్టుకోకండి. లేకపోతే బ్యాకప్ తీసి, పది వరుసలతో మొదలుపెట్టండి. ఎర్ర అక్షరాలు వస్తే కంగారు వద్దు. తయారీదారు, మోడల్, గది, ర్యాక్ ముందుగా నమోదు కాకపోవడమే చాలాసార్లు కారణం. అవి ఎక్కించాక సర్వర్లు ఎక్కించండి.

నాగర్‌కర్నూల్ కుర్రాడు సోమవారం ర్యాకుల దగ్గరికి వెళ్లాడు. మొదటి ర్యాకులోనే షీటులో ఉండి అక్కడ లేనివి రెండు, అక్కడ ఉండి షీటులో లేనిది ఒకటి దొరికాయని సాయంత్రం చెప్పాడు. ఇంకా పదకొండు ర్యాకులు ఉన్నాయట.

మీరూ నాకు ఫోను చేసేముందు ర్యాక్ ముందు నుంచి ఒక ఫొటో, వెనుక నుంచి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. యూనిట్ అంకెలు కనిపించేలా తీయండి.