తలుపు దగ్గర ఆగి అడిగే ప్రశ్న: మగవారి గర్భనిరోధక పద్ధతులపై అపోహలు, వాస్తవాలు

వేసెక్టమీ, అంటే మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి తెలుసుకోవడానికి నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో చాలామంది అసలు ప్రశ్నను కుర్చీలో కూర్చున్నప్పుడు అడగరు. ఆపరేషన్ ఎంతసేపు, నొప్పి ఉంటుందా, పనికి ఎప్పుడు వెళ్లొచ్చు, ఇవన్నీ గబగబా అడిగేస్తారు. భార్య ముందుగా బయటికి వెళ్తుంది. ఆయన తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి గొంతు తగ్గిస్తాడు. "డాక్టర్ గారూ, ఆ తర్వాత... అంతా మామూలుగానే ఉంటుందా?"

ఆ "అంతా" అనే మాటలో ఏముందో నాకు తెలుసు. వచ్చి మళ్లీ కూర్చోమంటాను. ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరక్కపోవడం వల్లే ఎంతోమంది ఈ ఆపరేషన్ మాట ఎత్తరని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: ఆపరేషన్ చేయించుకుంటే మగతనం పోతుంది

ఈ భయానికి వేరు మన భాషలోనే ఉంది. వీర్యం అంటే స్ఖలనంలో వచ్చే ద్రవం. వీర్యం అంటే పరాక్రమం కూడా. ఎవరి బలమైనా తీసేస్తే "నిర్వీర్యం చేశారు" అంటాం. ఆ మాట వింటూ పెరిగిన మనిషికి, వీర్యం జోలికి వెళ్లే ఆపరేషన్ ఏదైనా తన బలానికే గండి కొడుతుందని అనిపించడంలో వింత లేదు.

నేను మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీస్తాను. కింద రెండు గుండ్రాలు, అవి వృషణాలు. వాటికి రెండు పనులున్నాయి. శుక్రకణాలను తయారుచేయడం ఒకటి, టెస్టోస్టిరాన్ అనే హార్మోన్‌ను తయారుచేయడం మరొకటి. గడ్డం, గొంతు, కండబలం, కోరిక, వీటన్నిటి వెనకా ఉన్నది ఆ హార్మోనే. అది గొట్టంలో ప్రయాణించదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. అంగస్తంభన జరిగేది కూడా నరాలు, రక్తప్రసరణ వల్లే. శుక్రకణాలు మాత్రం శుక్రవాహిక అనే సన్నటి గొట్టం గుండా పైకి వెళ్తాయి. బయటి నుంచి అది బాల్‌పెన్ రీఫిల్ అంత లావుంటుంది, లోపలి దారి మాత్రం దారం పోగంతే. మేం కత్తిరించేది ఆ గొట్టాన్ని. బొమ్మలో దాని మీద అడ్డంగా ఒక గీత పెట్టి, పక్కనున్న రక్తనాళాన్ని చూపిస్తాను. "ఇది కట్ చేశాం. దీన్ని ముట్టుకోలేదు." చాలామంది ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని వెళ్తారు.

స్ఖలనం ఆగదు, ద్రవం రావడమూ ఆగదు. వీర్యంలో శుక్రకణాల వాటా 5 శాతం లోపే. మిగతాదంతా శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. అవి కత్తిరించిన చోటికి పైన ఉంటాయి కాబట్టి కంటికి ఏ తేడా కనిపించదు. భార్యకూ తెలియదు. పరీక్షలో సూక్ష్మదర్శిని కింద పెడితేనే తెలుస్తుంది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. భయం తీరకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లలో కొందరికి మొదటి వారాల్లో ఇబ్బంది వస్తుంది. టెన్షన్ మనసులో పెట్టుకుని పక్క ఎక్కితే ఆపరేషన్ లేకపోయినా అలాగే అవుతుంది. తలుపు దగ్గర ఆగినవాళ్లను వెనక్కి పిలిచేది అందుకే.

"మరి తయారైన కణాలు ఎక్కడికి పోతాయి? లోపల పేరుకుని సంచి ఉబ్బిపోదా?" అని అడుగుతారు. ఉబ్బదు. వాడని శుక్రకణాలను శరీరం విడగొట్టి తనలో కలిపేసుకుంటుంది. ఆపరేషన్ లేనప్పుడు కూడా బయటికి రాని కణాలకు జరిగేది అదే.

ఇక "బరువు పనులు చేయలేరు" అనే మాట. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులెత్తకుండా జాగ్రత్త. ఆ తర్వాత ఏ పనైనా చేసుకోవచ్చు.

అపోహ: ఆపరేషన్ ఆడవాళ్లకే తేలిక

ఇది నాకు బాధ కలిగించే అపోహ. స్త్రీలో అండవాహికలు పొట్ట లోపల ఉంటాయి. వాటిని చేరాలంటే చిన్నదో పెద్దదో పొట్టకు రంధ్రం పడాల్సిందే, దానికి తగ్గ మత్తు ఇవ్వాల్సిందే. మగవాడి శుక్రవాహికలు చర్మం కిందే ఉంటాయి, వేళ్లతో పట్టుకుంటే తగులుతాయి. అక్కడ మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తాం. 15 నుంచి 30 నిమిషాల్లో పని అయిపోతుంది, అదే రోజు నడిచి ఇంటికి వెళ్లొచ్చు. చైనాకు చెందిన డాక్టర్ లీ షున్‌చియాంగ్ 1974లో కోత, కుట్టు లేని పద్ధతిని రూపొందించారు. మొనదేలిన పరికరంతో చిన్న రంధ్రం చేసి, అందులోంచే రెండు వైపుల గొట్టాలనూ బయటికి తీసి పని ముగిస్తారు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ రెండూ తగ్గుతాయి.

ఇంత తేలికైన దాన్ని వదిలి లోకం ఎటు వెళ్తోందో చూడండి. ఐక్యరాజ్యసమితి 2019 లెక్కల ప్రకారం స్త్రీల శస్త్రచికిత్స మీద ఆధారపడినవాళ్లు దాదాపు 22 కోట్లు. పురుషుల ఆపరేషన్ మీద ఆధారపడినవాళ్లు 2 కోట్ల లోపే. "ఆమెకే చేసేయండి, నేను పనికి వెళ్లాలి కదా" అనే భర్తను, ఆమె పనులు ఆ వారం ఎవరు చూస్తారని అడుగుతాను. ఆ ప్రశ్న అంతవరకు ఆ ఇంట్లో ఎవరికీ తట్టి ఉండదు.

అపోహ: ఆపరేషన్ అయిన రోజు నుంచే భయం లేదు

ఈ పేరా మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. గొట్టం కత్తిరించే సమయానికే ఆ చోటికి పైన చేరిపోయిన శుక్రకణాలు కొన్ని ఉంటాయి. అవి ఖాళీ కావడానికి సుమారు 3 నెలలు, 20 స్ఖలనాలు పట్టవచ్చు. ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. "ఇక సరిపోతుంది" అని రిపోర్టు చూసి డాక్టర్ చెప్పేదాకా కండోమ్ వాడాల్సిందే. ఆ పరీక్ష ఆపరేషన్‌లో మిగిలిన సగం అనుకోండి.

ఒకాయన ఆపరేషన్ అయిన రెండో నెలలో వచ్చాడు. భార్య వెంట రాలేదు. ఆమె నెల తప్పింది. కుర్చీ అంచున కూర్చుని, "నాకు ఆపరేషన్ అయింది కదా" అని ఒకే మాట మూడుసార్లు అన్నాడు. ఆ మాట వెనకున్న అనుమానాన్ని ఆయన నోటితో అనలేదు గానీ, ఇంట్లో అప్పటికే అనేసి ఉంటాడని ముఖం చెప్పింది. పరీక్షకు రమ్మంటే ఎప్పుడూ రాలేదు, కండోమ్ మొదటి వారంలోనే ఆపేశాడు. అప్పటికప్పుడు శాంపిల్ ఇమ్మన్నాను. స్లైడ్ పెట్టి చూస్తే కణాలు చురుగ్గా ఈదుతున్నాయి. ఆయన్ను పిలిచి చూడమన్నాను. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తల ఎత్తి, "ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చెప్పాలి?" అన్నాడు. క్షమాపణ చెప్పమన్నాను.

పరీక్షలో సరేనని తేలిన తర్వాత కూడా, చాలా అరుదుగా, సుమారు 2000 మందిలో ఒకరి విషయంలో, తెగిన కొసల మధ్య దారి మళ్లీ ఏర్పడి గర్భం రావచ్చు. ఎన్నేళ్ల తర్వాతైనా అలా జరిగితే మొదట చేయాల్సింది వీర్య పరీక్ష.

అపోహ: కావాలంటే మళ్లీ కలిపేయొచ్చు

కలిపే ఆపరేషన్ ఉంది, అది నిజమే. కానీ దారం పోగంత దారిని సూక్ష్మదర్శిని కింద కుట్టాలి. ఖర్చూ ఎక్కువే, సమయమూ ఎక్కువే. 1991లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మూడేళ్ల లోపు తిరిగి కలిపించుకున్నవాళ్లలో 76 శాతం జంటలకు గర్భం వచ్చింది. 15 ఏళ్లు దాటినవాళ్లలో 30 శాతానికే వచ్చింది. అందుకే వేసెక్టమీని శాశ్వతం అనుకునే రావాలి. "ఇంకొకరిని కందామేమో" అనే ఊగిసలాట ఏ మూలనున్నా నేను వాయిదా వేయమంటాను. బిడ్డ పుట్టిన హడావిడిలోనో, మనస్పర్థల మధ్యలోనో ఈ నిర్ణయం తీసుకోవద్దు.

క్యాన్సర్, గుండెజబ్బుల మాట

గుండె సంగతి 1970ల చివర్లో కోతుల మీద చేసిన ప్రయోగాలతో మొదలైంది. వేసెక్టమీ చేసిన కోతుల్లో రక్తనాళాలు ఎక్కువగా పూడుకుపోయినట్టు కనిపించింది. తర్వాత మనుషుల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో అలాంటి ముప్పు కనిపించలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ మీద ఎంతో పరిశోధన జరిగింది, వేసెక్టమీ దానికి కారణమని తేలలేదు.

నిజంగా చెప్పుకోవాల్సిన నష్టం వేరే ఉంది. 100లో ఒకరిద్దరికి వృషణాల దగ్గర నెలల తరబడి, రోజువారీ జీవితానికి అడ్డొచ్చేంత నొప్పి మిగలవచ్చు. చికిత్స ఉంది, కానీ ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలియాలి. దీన్ని చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం తప్పని నా నమ్మకం. సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి వేసెక్టమీ ఏ రక్షణా ఇవ్వదని కూడా గుర్తుంచుకోండి. ఆ పని కండోమ్‌దే.

అపోహ: కండోమ్‌ను నమ్మలేం

100 జంటలు ఏడాది పాటు ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇద్దరికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో అయితే 13 మందికి వస్తుంది. వస్తువు ఒకటే, తేడా అంతా వాడకంలో ఉంది.

వాడకంలో తప్పులు ఎక్కడ జరుగుతాయో రోజూ వింటుంటాను. పర్సులో నెలల తరబడి పెట్టుకోవడం, ఎండలో ఆగిన బండిలో వదిలేయడం, ప్యాకెట్ పళ్లతో చింపడం. కొబ్బరి నూనె, వాసెలిన్, ఒంటికి రాసుకునే లోషన్ వాడటం ఇంకో పెద్ద తప్పు. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లోనే బలహీనపడుతుంది. నీటితో గానీ సిలికాన్‌తో గానీ తయారైన జెల్ వాడండి. తొడిగేటప్పుడు కొసను రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేయాలి. తిరగేసి పెట్టారని తెలిస్తే దాన్నే తిప్పి వాడకండి, కొత్తది తీసుకోండి. పని అయ్యాక అంగం మెత్తబడకముందే, మొదలు దగ్గర అంచును పట్టుకుని బయటికి తీయాలి. మధ్యలో తొడగడం లాభం లేదు, మొదటి నుంచీ ఉండాలి.

రెండు వేసుకుంటే రెట్టింపు రక్షణ అనుకునేవాళ్లున్నారు. రెండూ ఒకదానికొకటి రాసుకుని చిరిగే అవకాశం పెరుగుతుంది, ఒకటి చాలు. లేటెక్స్ పడనివాళ్లకు పాలీయురేథేన్ లాంటి వేరే రకాలున్నాయి.

చిరిగితే కంగారు పడుతూ రోజులు గడిపేయకండి. స్త్రీలు వాడే అత్యవసర మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఒక రకం 72 గంటల లోపు, మరో రకం 5 రోజుల వరకు పనిచేస్తుంది. 5 రోజుల లోపు కాపర్ టీ వేయించుకుంటే ఇంకా నమ్మకం.

అపోహ: "నాకు కంట్రోల్ ఉంది"

చివరి క్షణంలో బయటికి తీసేయడం మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు అనే మాట ఇది. మామూలు వాడకంలో ఏడాదికి 100 జంటల్లో సుమారు 20 మందికి గర్భం వస్తుంది. ఏ పద్ధతీ లేకపోవడం కంటే నయమే. కానీ స్ఖలనానికి ముందు వచ్చే జిగురులో కూడా కణాలు ఉండొచ్చు. 2011లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 27 మందిని పరీక్షిస్తే 11 మందికి అందులో శుక్రకణాలు కనిపించాయి. కంట్రోల్ ఎంత ఉన్నా ఆ జిగురు మీద ఎవరికీ అదుపు ఉండదు.

అపోహ: జిమ్‌లో తీసుకునే టెస్టోస్టిరాన్‌తో కణాలు పెరుగుతాయి

సరిగ్గా తలకిందులు. బయటి నుంచి హార్మోన్ వస్తే, వృషణాలకు మెదడు నుంచి వెళ్లే సంకేతాలు తగ్గిపోతాయి, కణాల తయారీ పడిపోతుంది. కొందరిలో సున్నా అవుతుంది, కొందరిలో కాదు. కాబట్టి దాన్ని గర్భనిరోధకంగానూ నమ్మలేం. మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా వీటి జోలికి వెళ్లకండి.

అపోహ: మగవాళ్లు తట్టుకోలేకే "మగవాళ్ల మాత్ర" రాలేదు

ఈ ప్రచారానికి మూలం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 320 మంది పురుషుల మీద జరిగిన హార్మోన్ ఇంజెక్షన్ ప్రయోగం. 8 వారాలకోసారి ఇచ్చారు. కణాలు తగ్గినవాళ్లలో గర్భాలు ఏడాదికి 100కి రెండు లోపే. మానసిక స్థితిలో మార్పులు, మొటిమలు, నొప్పి లాంటి దుష్ఫలితాలు ఎక్కువగా నమోదవడంతో 2011లో ఆపమన్నది భద్రతను పర్యవేక్షించే స్వతంత్ర కమిటీ. పాల్గొన్నవాళ్లు పారిపోలేదు. దొరికితే ఇదే పద్ధతి వాడతామని వాళ్లలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా చెప్పారు. ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

ఆ తర్వాత పని ఆగలేదు. భుజాలకు రోజూ రాసుకునే హార్మోన్ జెల్‌ను 2018 నుంచి జంటల మీద పరీక్షించారు. వైసీటీ-529 అనే హార్మోన్ లేని మాత్రను మొదటిసారి 16 మంది పురుషులకు ఇచ్చి చూసిన ఫలితాలు 2025లో వచ్చాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ సుజయ్ గుహ రూపొందించిన, శుక్రవాహికలోకి ఎక్కించే జెల్‌ను 303 మంది మీద పరీక్షించిన ఫలితాలు 2023లో ప్రచురించారు. ఇవేవీ మందుల షాపులో అడిగి కొనుక్కునే స్థితికి ఇంకా రాలేదు. "మగవాళ్ల మాత్ర" అని ఎవరైనా ఇప్పుడు అమ్మజూపితే తీసుకోవద్దు.

వేసెక్టమీకి మనసు కుదిరితే, వచ్చే ముందు కొన్ని చూసుకోండి. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. గతంలో హెర్నియా, హైడ్రోసిల్ ఆపరేషన్లు అయి ఉంటే, ఏ మందైనా పడకపోతే అదీ చెప్పండి. వృషణాలను పైకి పట్టి ఉంచే బిగువైన లోదుస్తులు తెచ్చుకోండి, మొదటి కొన్ని రోజులు అవి వేసుకునే ఉండాలి. తిరిగి వెళ్లేటప్పుడు బండి నడపడానికి తోడు ఎవరినైనా తీసుకురండి. ఇంటికెళ్లాక వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా ఉదయం దాకా ఆగకుండా ఫోన్ చేయండి. మూడు నెలల తర్వాతి పరీక్ష తేదీని ఆపరేషన్ రోజే రాయించుకుని, ఇద్దరికీ కనిపించే చోట గోడకు అంటించండి.