ఓఎస్/2కి కొత్త బ్రౌజర్ ఎందుకంత కష్టం?

ఓఎస్/2 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇప్పటికీ వాడుతున్నారంటే చాలామంది నమ్మరు. ఐబీఎం దాని అమ్మకాలను 2005 డిసెంబర్ 23న ఆపేసింది. 2006 చివరికల్లా మామూలు సపోర్టు కూడా ముగిసింది. అయినా ఆ సిస్టమ్ ఆగిపోలేదు. ఏళ్ల కిందట దాని మీద రాయించుకున్న సాఫ్ట్‌వేర్‌ను వదులుకోలేని సంస్థలు, దాని పనితీరు మీద మమకారం పోని వ్యక్తులు ఇంకా దాన్నే నడిపిస్తున్నారు. మొదట ఈకామ్‌స్టేషన్ పేరుతో, 2017 మే నుంచి ఆర్కా నోయే సంస్థ తెచ్చిన ఆర్కాఓఎస్ పేరుతో అది కొనసాగుతోంది. 2023లో వచ్చిన ఆర్కాఓఎస్ 5.1తో ఈ కాలపు యూఈఎఫ్‌ఐ కంప్యూటర్లలోనూ ఎక్కుతోంది.

ఈ సిస్టమ్‌కి కొత్త బ్రౌజర్ టెస్ట్ బిల్డ్ (పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్) వస్తే వాడేవాళ్ల ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. పేజీ తెరిస్తే తెల్లగా వస్తోందని ఒకరంటారు. నాలుగు ట్యాబులు తెరవగానే పడిపోతోందని మరొకరంటారు. వేరే ప్రోగ్రామ్ నడుస్తుంటే అసలు లేవడమే లేదని ఇంకొకరంటారు. ఇవి కొత్త బిల్డ్‌లోని తప్పులనే అనిపిస్తుంది. కానీ వీటిలో చాలావాటి మూలాలు 1987 నాటి నిర్ణయాల్లోనూ, బ్రౌజర్ల తయారీ పద్ధతి 2011 తర్వాత మారిన తీరులోనూ ఉన్నాయి. పేరుకి అది బ్రౌజర్ పరీక్షే గానీ, నిజానికి అక్కడ పరీక్షకు నిలబడేది ఆపరేటింగ్ సిస్టమే.

మొదట్లో ఈ ఇబ్బంది లేదు. 1987 చివర్లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఓఎస్/2, 1990లో ఆ రెండు సంస్థల దారులు వేరయ్యాక ఐబీఎం చేతిలోనే ఉండిపోయింది. 1994లో వార్ప్ 3 వచ్చే నాటికి వెబ్ అప్పుడప్పుడే జనంలోకి వస్తోంది. ఐబీఎం సొంతంగా వెబ్‌ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్ తయారుచేసి ఇచ్చింది. ఆ తర్వాత నెట్‌స్కేప్‌ను ఓఎస్/2కి తీసుకొచ్చింది. 2.02తో మొదలై 4.61 దాకా అవి వచ్చాయి. జీతాలిచ్చి ఇంజనీర్లను పెట్టే స్తోమత వెనక ఉన్నంతకాలం చిన్న సిస్టమ్ అయినా బ్రౌజర్‌కి లోటు రాలేదు.

1998 మార్చి 31న నెట్‌స్కేప్ తన బ్రౌజర్ సోర్స్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ను) బయటపెట్టి మొజిల్లా ప్రాజెక్టు మొదలుపెట్టడంతో ఓఎస్/2 ఆయుష్షు పెరిగిందనే చెప్పాలి. ఐబీఎంలో మైక్ కాప్లీ, ఆయన సహచరులు మొజిల్లాను ఓఎస్/2కి పోర్ట్ చేశారు. వాడేవాళ్లు దాన్ని ముద్దుగా వార్ప్‌జిల్లా అన్నారు. ఐబీఎం అదే సోర్స్‌తో సొంత పేరు మీద బ్రౌజర్ ఇచ్చింది. ముఖ్యమైన సంగతేంటంటే, ఓఎస్/2కి కావలసిన కోడ్ మొజిల్లా ప్రధాన సోర్స్‌లోనే ఉండేది. విండోస్‌కి, మ్యాక్‌కి వచ్చే మార్పులు దీనికీ ఇంచుమించు అదే వేళకి అందేవి. ఐబీఎం తప్పుకున్నాక స్వచ్ఛంద కార్యకర్తలు ఆ బాధ్యత తీసుకోగలిగారంటే కారణం అదే. పునాది అప్పటికే పడి ఉంది.

ఆ పునాదిలో మరో రాయి కూడా ఉంది. ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ ఓఎస్/2 కోసం జీసీసీ కంపైలర్‌ను (సోర్స్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది), సీ లైబ్రరీని, మొజిల్లాలో అక్షరాలు నునుపుగా కనబడేలా చేసే ఫాంట్ ఇంజిన్‌ను అందించింది. ఇదే కంపెనీ తర్వాత వర్చువల్‌బాక్స్ తయారుచేసింది, 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని కొనేసింది. ఈ రోజు వర్చువల్‌బాక్స్ వాడే లక్షలమందికి దాని వెనక ఓఎస్/2తో కుస్తీపట్టిన ఇంజనీర్లు ఉన్నారని తెలియదు.

2011లో గాలి మారింది. ఆ జూన్‌లో తన బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 5తో మొజిల్లా ఆరు వారాలకో కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. క్రోమ్‌తో పోటీలో మొజిల్లాకి అది తప్పనిసరి అయ్యుండొచ్చు, తప్పుపట్టలేం. కానీ తీరిక వేళల్లో పనిచేసే కొద్దిమందికి ఆ వేగం అందుకోవడం అసాధ్యం. ఒక వెర్షన్‌ను కంపైల్ చేసి, పడిపోయిన చోట్ల సరిచేసేలోపు మరొకటి వచ్చేసేది. 2012 జనవరిలో సంస్థల కోసం మొజిల్లా ఈఎస్ఆర్ వెర్షన్లు తెచ్చింది. దాదాపు ఏడాదిపాటు సెక్యూరిటీ సవరణలు మాత్రమే అందుకునే వెర్షన్లవి. ఓఎస్/2 వాళ్లు వాటినే పట్టుకున్నారు. 10, 17, 24, 31, 38, 45 ఇలా ఒక్కో ఈఎస్ఆర్ మెట్టు ఎక్కుతూ వచ్చారు. ఈలోగా మొజిల్లా తన ప్రధాన సోర్స్ నుంచి ఓఎస్/2 భాగాలను తీసేసింది. అప్పటినుంచి ప్రతి వెర్షన్‌కీ ఆ భాగాలను విడిగా మళ్లీ అతికించాల్సి వచ్చింది.

45 దగ్గర మెట్లు ఆగిపోయాయి. 2016లో ఫైర్‌ఫాక్స్ 48లో రస్ట్ భాషలో రాసిన భాగం తొలిసారి చేరింది. ఆ తర్వాత ఏడాదికల్లా రస్ట్ కంపైలర్ లేకుండా ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేయడమే కుదరని పరిస్థితి వచ్చింది. అప్పటికి ఓఎస్/2కి రస్ట్ లేదు. రస్ట్ తేవాలంటే ముందు దాని కింద పనిచేసే ఎల్ఎల్‌వీఎం కావాలి. బ్రౌజర్ కోసం కంపైలర్, ఆ కంపైలర్ కోసం మరో కంపైలర్ వ్యవస్థ తేవడం నలుగురైదుగురి వల్ల అయ్యే పని కాదు.

ఫైర్‌ఫాక్స్ 45 వెంటనే పనికిరాకుండా పోలేదు. ఒక్కొక్క సైటూ జారిపోతూ వచ్చింది. తెల్ల పేజీ ఫిర్యాదు ఇక్కడిదే. జావాస్క్రిప్ట్‌లో అసింక్ ఫంక్షన్లు ఫైర్‌ఫాక్స్ 52 నుంచి, ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టి రాసే ఆప్షనల్ చెయినింగ్ 74 నుంచి వచ్చాయి. పాత బ్రౌజర్‌కి అలాంటి గుర్తు ఒక్కటి ఎదురైనా ఆ స్క్రిప్ట్ ఫైల్ మొత్తాన్ని తప్పుగా లెక్కకట్టి పక్కన పెట్టేస్తుంది. పేజీ అంతా ఆ స్క్రిప్ట్ మీదే ఆధారపడితే కనబడేది ఖాళీ తెరే. నెమ్మదిగా వస్తే ఓపిక పట్టొచ్చు, అసలు రాకపోతే చేసేదేమీ ఉండదు.

సర్టిఫికెట్ల గొడవ ఇంకొకటి. వెబ్‌లో చాలా భాగానికి సైట్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ తొలి ఏళ్లలో మరో సంస్థ రూట్ సర్టిఫికెట్ (మిగతావాటిని నమ్మడానికి మూలమైనది) ఆసరాతో నడిచింది. ఆ రూట్ గడువు 2021 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్‌ను ఫైర్‌ఫాక్స్ నమ్మడం మొదలైంది వెర్షన్ 50 నుంచి. దాంతో 45 వాడేవాళ్లకి నిన్నటిదాకా తెరుచుకున్న ఎన్నో సైట్లు తెల్లారేసరికి హెచ్చరికలు చూపించాయి. ఆ కొత్త రూట్ ఫైల్‌ను దించుకుని, సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్ల జాబితాలోకి చేత్తో చేర్చుకుంటే ఆ సైట్లు మళ్లీ తెరుచుకున్నాయి. అది తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి ఓపిగ్గా చెప్పుకుంటూ వచ్చారు.

ఇక అన్నిటికన్నా లోతైన చిక్కు మెమరీది. ఓఎస్/2 మొదట పుట్టింది 16-బిట్ ప్రాసెసర్ల కోసం. 1992లో వెర్షన్ 2.0తో 32-బిట్‌కి మారినా పాత 16-బిట్ ప్రోగ్రాములు, డ్రైవర్లు అలాగే నడవాలని పట్టుబట్టారు. 16-బిట్ కోడ్ మెమరీని 64 కేబీ ముక్కలుగా చూస్తుంది. ప్రాసెసర్ పట్టికలో అలాంటి ముక్కలకు 8,192 గడులే ఉన్నాయి. ఆ రెండింటినీ హెచ్చవేస్తే సరిగ్గా 512 ఎంబీ. అందుకే ఒక ప్రోగ్రామ్ చూడగలిగే మెమరీని అక్కడితో ఆపేశారు. అప్పట్లో ర్యామ్‌ను ఒకటీ రెండూ మెగాబైట్లుగా కొనుక్కునేవాళ్లు కాబట్టి 512 ఎంబీ ఎవరికీ తక్కువనిపించలేదు.

1999లో వార్ప్ సర్వర్ ఫర్ ఈ-బిజినెస్‌తో ఐబీఎం ఈ గీతను పైకి జరిపింది. కాన్ఫిగ్.సిస్ ఫైల్‌లో వర్చువల్‌అడ్రస్‌లిమిట్ అనే లైన్‌కి 3072 వరకూ విలువ ఇస్తే ప్రోగ్రామ్ 3 జీబీ దాకా వాడుకోగలదు. అయితే అన్నీ అంత సాఫీగా లేవు. డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాములు నడిచేటప్పుడు లోడ్ చేసుకునే కోడ్ ఫైళ్లు) మామూలుగా ఆ కింది 512 ఎంబీలోనే చోటు వెతుక్కుంటాయి. ఆ చోటు ఒక్క బ్రౌజర్‌ది కాదు, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ పంచుకునేది. ఫైర్‌ఫాక్స్‌లో ముఖ్యభాగమైన ఎక్స్‌యూఎల్.డీఎల్ఎల్ ఒక్కటే ఎన్నో మెగాబైట్లు ఆక్రమిస్తుంది. పైన గిగాబైట్ల కొద్దీ ఖాళీ ఉన్నా కింద ఇరుకైపోతే బ్రౌజర్ కూలిపోతుంది. ట్యాబుల ఫిర్యాదుకి ఒక ముఖ్య కారణం ఇదే.

పరీక్షించేవాళ్ల పనితనం నాకు ఇక్కడే బాగా కనిపిస్తుంది. హైమెమ్ అనే చిన్న పనిముట్టుతో ఒక్కో డీఎల్ఎల్ మీద 'దీని కోడ్ పైన లోడ్ చేయొచ్చు' అని గుర్తు పెడతారు. ఐబీఎం కాలం నాటి థీసియస్ ప్రోగ్రామ్ తెరిచి, కింది షేర్డ్ మెమరీలో ఎంత మిగిలిందో చూస్తారు. ఒక్కోసారి ఆ గుర్తు పెట్టగానే వేరే చోట దెబ్బతింటుంది. సిస్టమ్ లోపలి కొన్ని పాత కాల్స్ (ప్రోగ్రాములు సిస్టమ్‌ను పని అడిగే దారులు) ఇప్పటికీ 16-బిట్టే కాబట్టి పైభాగపు చిరునామా ఇస్తే వాటికి అర్థం కాదు. ఆ డేటాను ముందు కింది మెమరీలోకి కాపీ చేసి అప్పుడు ఇవ్వాలి. ఎక్కడెక్కడ అలా ఇవ్వాలో ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఎవరి మెషీన్‌లోనో కూలితే తప్ప బయటపడదు.

కూలినప్పుడు ఏం మిగులుతుందన్నది కూడా ముఖ్యమే. ఎస్‌వైఎస్3175 అని పాపప్ వస్తుంది, పాపప్‌లాగ్.ఓఎస్2 అనే ఫైల్‌లో రిజిస్టర్ల విలువలు చేరతాయి. అవి ఒక్కటే చూసి తప్పు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. అందుకే బిల్డ్‌లతో పాటు ఎక్సెప్ట్‌క్యూ అనే హ్యాండ్లర్‌ను కలిపారు. కూలిన క్షణంలో ఏ డీఎల్ఎల్‌లో, ఏ ఫంక్షన్‌లో ఉందో, దాన్ని ఎవరు పిలిచారో అది ఒక టీఆర్‌పీ ఫైల్‌గా రాస్తుంది. 'పనిచేయట్లేదు' అని పది మంది చెప్పినదానికన్నా ఒక టీఆర్‌పీ ఫైల్, ఏం నొక్కితే కూలిందో రెండు వాక్యాలు పంపిన ఒక్క మనిషి డెవలపర్‌కి ఎక్కువ మేలు చేసినట్టు.

మూడో ఫిర్యాదు, వేరే ప్రోగ్రామ్ ఉంటే లేవకపోవడం, కూడా ఆనాటి పొదుపు నుంచి వచ్చిందే. ఓఎస్/2లో ఒక పేరున్న డీఎల్ఎల్ ఒకసారి లోడయితే సిస్టమ్ మొత్తానికి అదే. మొజిల్లా సోర్స్‌తోనే తయారైన సీమంకీయో థండర్‌బర్డో పాత ఎక్స్‌యూఎల్‌తో నడుస్తుంటే, కొత్త ఫైర్‌ఫాక్స్ తన ఫోల్డర్‌లో ఉన్నదాన్ని కాదని ఆ పాతదాన్నే పట్టుకుని కుప్పకూలేది. బ్రౌజర్‌ను మొదలుపెట్టే కమాండ్ ఫైల్‌లో లిబ్‌పాత్‌స్ట్రిక్ట్‌కి 'టి' అని విలువ ఇస్తే ఆ ప్రోగ్రామ్ తన డీఎల్ఎల్‌లను తానే తెచ్చుకుంటుంది. ఆ ఒక్క లైన్ మరిచిపోయి బిల్డ్ పాడైందని రాసినవాళ్లు ఎందరో. వాళ్ల తప్పేమీ లేదు, మిగతా సిస్టమ్‌లలో ఇలాంటిది ఊహకి కూడా రాదు.

సిస్టమ్ గుండెకాయ లాంటి కర్నెల్‌లోనే సరిచేయొచ్చు కదా అని అడగొచ్చు. సోర్స్ లేదు. ఓఎస్/2 సోర్స్ విడుదల చేయమని వాడేవాళ్లు ఐబీఎంకి సంతకాలతో వినతులు పంపారు, ఐబీఎం ఒప్పుకోలేదు. అందుకని లోటు ఉన్న ప్రతిచోటా పైన లైబ్రరీ కట్టుకోవడమే మార్గమైంది.

ఫైర్‌ఫాక్స్ దారి మూసుకుపోయాక బిట్‌వైజ్ వర్క్స్ బృందం ఆ మార్గంలోనే ఇంకా దూరం వెళ్లింది. వాడేవాళ్ల నుంచి విరాళాలు సేకరించి, ప్రోగ్రాములు తయారుచేయడానికి వాడే క్యూటీ 5 అనే లైబ్రరీల సముదాయాన్ని, దానిలోని వెబ్‌ఇంజిన్‌ను ఓఎస్/2కి తేవడానికి పూనుకుంది. వెబ్‌ఇంజిన్ అంటే లోపల గూగుల్ క్రోమ్‌కి ఆధారమైన క్రోమియమే. క్రోమియం ఒక్కో ట్యాబ్‌కి వేరు ప్రాసెస్ పెట్టి, వాటి మధ్య మెమరీ పంచుతుంది. యునిక్స్ తరహా ఎమ్‌మ్యాప్ (ఫైళ్లను నేరుగా మెమరీలో చూపే పద్ధతి) లాంటి సదుపాయాలు ఉంటాయనుకుని రాసిన కోడ్ అది. ఓఎస్/2లో అవి లేవు. వాటిని అందించడానికి లిబ్‌సీఎక్స్ అనే లైబ్రరీ రాశారు. ఎక్సెప్ట్‌క్యూ కూడా అందులో భాగమైంది. ఇప్పుడు ఆ లైబ్రరీని బ్రౌజర్‌తో సంబంధం లేని ఎన్నో ప్రోగ్రాములు వాడుకుంటున్నాయి. ఒక బ్రౌజర్ కోసం పడిన శ్రమ సిస్టమ్ అంతటికీ దక్కింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే విషయం ఇదే.

2020ల మొదట్లో డూబుల్ బ్రౌజర్ రూపంలో ఆ ఫలితం జనం చేతికొచ్చింది. దాని అడుగున ఉన్న క్యూటీ 5.15.2 వెబ్‌ఇంజిన్ 2020 నాటి క్రోమియం 83 మీద ఆధారపడినది. ఫైర్‌ఫాక్స్ 45తో పోలిస్తే నాలుగేళ్ల వెబ్ ఒక్కసారిగా తెరుచుకుంది. ఆప్షనల్ చెయినింగ్ ఉంది, గ్రిడ్ లేఅవుట్ ఉంది, సైట్లతో సంభాషణను గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ 1.3 ఉంది. కానీ వెబ్ 2020లో ఆగిపోలేదు. క్రోమ్ 85లో వచ్చిన లాజికల్ అసైన్‌మెంట్ అనే జావాస్క్రిప్ట్ రాతను వాడే స్క్రిప్ట్ దీనిలో మళ్లీ అదే తెల్ల పేజీ చూపిస్తుంది.

తర్వాతి అడుగు బరువు ఇంకా ఎక్కువ. గూగుల్ 2016లోనే 32-బిట్ లినక్స్‌కి క్రోమ్ ఇవ్వడం ఆపేసింది. బ్రౌజర్ ఇంజిన్ల తయారీదారులు 32-బిట్ గురించి ఆలోచించడం ఏటికేడు తగ్గిస్తున్నారు. ఓఎస్/2కి ఉన్నది 32-బిట్ మాత్రమే. కాబట్టి ఆర్కాఓఎస్ మీద కొత్త బిల్డ్ పరీక్షించేవాళ్లు ముందు వర్చువల్‌అడ్రస్‌లిమిట్ విలువ చూసుకోవాలి, బ్రౌజర్ తెరవకముందూ తెరిచాకా కింది షేర్డ్ మెమరీ ఎంతుందో రాసుకోవాలి, కూలితే టీఆర్‌పీ ఫైల్‌ను చెరపకుండా పంపాలి. పేజీ తెల్లగా వస్తే డెవలపర్ కన్సోల్‌లో సింటాక్స్ ఎర్రర్ ఉందేమో చూడాలి. ఉంటే అది పాత ఇంజిన్ సమస్య, కొత్త ఇంజిన్ వచ్చేదాకా పోదు. లేకపోతే దాన్ని ఓఎస్/2 వైపే సరిచేసే అవకాశం చాలావరకు ఉంటుంది.