మట్టికి గడువు పెట్టకూడదు

1970వ దశకంలో న్యూయార్క్ నగర ఖజానా అడుగంటింది. కాలిపోయిన, కూలిపోయిన భవనాల స్థలాలను పట్టించుకునే నాథుడు లేడు. మాన్‌హట్టన్‌లో బవరీ, హౌస్టన్ వీధులు కలిసే మూలన అలాంటి ఒక స్థలంలో 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు చెత్త ఎత్తిపోసి, మట్టి తెచ్చి మొక్కలు నాటారు. గ్రీన్ గెరిల్లాస్ అని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని వారికి నెలకు 1 డాలరు అద్దెకు ఇచ్చింది. ఆ తర్వాత నగరమంతటా స్వచ్ఛంద తోటలు వందల సంఖ్యలో వెలిశాయి.

వాటిలో పనిచేసేవాళ్లకు అసలు పరీక్ష కాళ్లకింద ఉంది. ఇల్లు కూలిన చోట ఇటుకముక్కలతో పాటు సీసం కూడా ఉంటుందనే అనుకోవాలి. పాత రంగుల్లో సీసం కలిపేవారు. ఇళ్లలో వేసే రంగుల్లో దాన్ని ఈ నగరం 1960లో, దేశం మొత్తం 1978లో నిషేధించాయి. పెట్రోలు పొగతో వచ్చి పడింది అదనం. సీసం మూలకం కాబట్టి ఏ సూక్ష్మజీవీ దాన్ని కుళ్లబెట్టలేదు. దశాబ్దాలు గడిచినా నేల పైపొరలోనే ఉండిపోతుంది, పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

అయితే అది వేళ్ల గుండా మొక్కలోకి ఎక్కేది తక్కువ. ఎక్కువగా మట్టి దుమ్ముగా మన నోటికి చేరుతుంది. అందుకే టమాటా, వంకాయ, బెండ వంటి కాయలతో భయం తక్కువ. క్యారెట్ లాంటి దుంపలతో, మట్టి చింది అంటుకునే ఆకుకూరలతో ఎక్కువ. అమెరికాలో పాత ఇంటి గోడ పక్కన గోంగూర వేసుకునే మనవాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించాలి. నివాస స్థలాల మట్టిలో సీసం ఎంత దాటితే జాగ్రత్తపడాలో చెప్పే పరిమితిని అక్కడి పర్యావరణ సంస్థ 2024లో 400 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టిలో 400 పాళ్లు) నుంచి 200కు తగ్గించింది.

ఇలాంటి నేలకు మందు కంపోస్టే. అందులోని సేంద్రియ పదార్థం, ఫాస్ఫేటు సీసాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. మట్టి ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ 6.5–7 మధ్య ఉంటే ఆ పట్టు మరింత బిగుస్తుంది. కలుషిత నేల మీద గుడ్డ పరిచి, ఎత్తుగా మడులు కట్టి, కొత్త మట్టి నింపుతారు. దారుల్లో చెక్కపొట్టు పరుస్తారు. అయినా గాలికి, వానకు పాత దుమ్ము మళ్లీ మడుల్లోకి వస్తూనే ఉంటుంది కనుక ఏటా కంపోస్టు వేయాలి.

కంపోస్టు చేయడానికీ లెక్క ఉంది. ఒక పాలు నత్రజనికి 25–30 పాళ్లు కార్బన్ ఉండేలా ఎండుటాకులు, కూరగాయ తొక్కలు కలిపితే, బ్యాక్టీరియా పనితో కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి కొన్ని రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగక్రిములు చస్తాయి. కానీ మట్టిలో వేసిన కంపోస్టు కార్బన్‌లో ఎక్కువ భాగం సూక్ష్మజీవుల శ్వాసతో తిరిగి గాలిలో కలిసిపోతుంది. మట్టిలో మిగిలేది కొద్దిగానే. సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరగాలన్నా ఏళ్లు పడుతుంది. వానపాములు, శిలీంధ్రపు పోగులు మట్టిని గుల్లబరచడానికీ అంతే ఓపిక కావాలి.

అందుకే భూమి మీద హక్కు న్యాయశాస్త్రానికి మాత్రమే చెందిన సంగతి కాదని నా నమ్మకం. 1999లో మేయర్ రూడీ జులియానీ ప్రభుత్వం 114 తోటలను వేలానికి పెట్టింది. వేలానికి ముందురోజు ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్ కలిసి 42 లక్షల డాలర్లకు వాటన్నిటినీ కొనేశాయి. ట్రస్ట్ కొన్న తోటల కోసం తర్వాత మాన్‌హట్టన్, బ్రాంక్స్, బ్రూక్లిన్–క్వీన్స్ భూ ట్రస్టులు ఏర్పడ్డాయి. వాటి పాలకవర్గాల్లో ఆ తోటల్లో మట్టి పిసికేవాళ్లే కూర్చుంటారు.

ఏడాదికోసారి పొడిగించే అనుమతి మీద ఎవరూ పండ్ల చెట్టు నాటరు, మట్టి బాగుకు డబ్బూ పెట్టరు. తోటకు స్థలమిచ్చే ఏ నగరపాలక సంస్థ అయినా కనీసం పదేళ్ల హామీ రాసివ్వాలి. మట్టి పరీక్ష ఖర్చూ అదే భరించాలి, ఆ సీసం తోట వేసేవాళ్లు తెచ్చింది కాదు కాబట్టి.