కారు లాగుతుంది సరే, అదుపులో ఉంచగలదా?

పికరింగ్, నార్త్ యార్క్‌షైర్

బుజ్జికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాయనమ్మా క్షేమం. మీరు పంపిన కారవాన్ ఫొటోలు చూశాం, కారుకి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు కదా అది. మీ నాయనమ్మకి లోపలి కర్టెన్లు తెగ నచ్చేశాయి. నేను మాత్రం తలుపు పక్కన అంటించిన బరువుల స్టిక్కర్‌నే పెద్దది చేసి చూశాను. "మన కారు దీన్ని లాగుతుందా తాతయ్యా?" అని అడిగారు. అమ్మే ఆయన "హాయిగా లాగుతుంది సార్" అన్నాడట. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే అడగాల్సిన ప్రశ్న అది కాదు.

తెలుగు బడికి వెళ్తున్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఎక్కడైనా అర్థం కాకపోతే మీ అమ్మని అడగండి. మీ నాన్నని అడక్కండి, వాడు ఇప్పటికే ఆ బండి మీద మనసు పారేసుకున్నాడు.

ముందు మీ కారు సంగతి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీదో, బానెట్ కిందో ఒక చిన్న రేకో స్టిక్కరో ఉంటుంది. దాని మీద నాలుగు బరువులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మొదటిది, మనుషులతో సామానుతో కలిపి కారు ఎంతవరకు బరువుండొచ్చో చెబుతుంది. మీ కారుకి 2,050 కిలోలు. రెండోది కారూ, వెనక తగిలించిన బండీ రెండూ కలిపి దాటకూడని బరువు, 3,550. మిగతా రెండూ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఉన్న హద్దులు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 1,500 వస్తుంది. అమ్మే ఆయన చూసిన లెక్క ఇదే. కారవాన్ గరిష్ఠ బరువు 1,450, కారు 1,500 లాగుతుంది, ఇంకా యాభై కిలోలు మిగులే కదా అని.

ఈ 1,500 దేన్ని బట్టి వస్తుందో తెలుసుకుంటే ఆ ధీమా కాస్త తగ్గుతుంది. 12 శాతం వాలు, అంటే వంద అడుగులు ముందుకు పోతే పన్నెండు అడుగులు పైకి లేచే రోడ్డు. అలాంటి ఎత్తు మీద వెనక బరువుతో ఆగి, ఐదు నిమిషాల్లో ఐదుసార్లు కదిలి చూపించాలి. యూరప్ నిబంధన అది. అంటే అది ఇంజనుకీ క్లచ్‌కీ పెట్టిన పరీక్ష. మోటార్‌వే మీద పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోతే వెనక బండి ఊగుతుందా లేదా అన్నది ఆ పరీక్షలో లేనే లేదు.

అందుకే ఇక్కడి పెద్ద కారవాన్ క్లబ్బులు రెండూ, కారవాన్ పరిశ్రమ సంఘమైన నేషనల్ కారవాన్ కౌన్సిలూ ఇంకో లెక్క చెబుతాయి. కారవాన్ గరిష్ఠ బరువు కారు కెర్బ్ వెయిట్‌లో, అంటే సామాను లేని ఖాళీ కారు బరువులో, 85 శాతం దాటకూడదు. చేయి తిరిగినవాళ్లయితే నూటికి నూరు దాకా పోవచ్చు, అంతకు మించి ఎవరికీ వద్దు. ఇది చట్టం కాదు, సలహా మాత్రమే. కానీ నా దృష్టిలో చట్టం కంటే ఈ సలహాకే విలువ ఎక్కువ. మీ కారు కెర్బ్ వెయిట్ 1,520 కిలోలు. అందులో 85 శాతం అంటే 1,292. మీరు చూసిన కారవాన్ 1,450, అంటే 95 శాతం పైనే. మీ నాన్న ఇంతవరకు సైకిల్ ర్యాక్ కూడా తగిలించి నడపలేదు. 95 శాతంతో మొదలుపెట్టడమేమిటి?

కెర్బ్ వెయిట్ దగ్గర ఒక తిరకాసుంది. ఒక కంపెనీ అందులో 75 కిలోల డ్రైవర్‌ని కలుపుతుంది, ఇంకో కంపెనీ కలపదు. కారు హ్యాండ్‌బుక్‌లో ఏం కలిపారో చదవండి. లాగ్‌బుక్‌లో, అంటే కారు రిజిస్ట్రేషన్ కాగితంలో, 'జీ' అన్న గడి ఎదురుగా మాస్ ఇన్ సర్వీస్ అని ఉంటుంది, అదీ చూడండి. రెండు అంకెలు కనబడితే తక్కువదే పట్టుకోండి.

ఇక ఊగడం గురించి. ఇంగ్లండ్‌లో దీన్ని స్నేకింగ్ అంటారు. లారీ మిమ్మల్ని దాటేటప్పుడు దాని ముందున్న గాలి మొదట కారవాన్‌ని అవతలికి తోస్తుంది, లారీ ముందుకు పోయేకొద్దీ తనవైపు లాగుతుంది. కారవాన్ తోక ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోతుంది. కారు బరువుగా ఉంటే రెండు ఊపుల్లో సర్దుకుంటుంది. వెనకదే బరువైతే తోక కారుని కూడా తనతో తిప్పుకుంటుంది. స్పీడు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. అప్పుడు టెన్షన్‌లో బ్రేకు తొక్కినా, స్టీరింగ్‌తో ఎదురు తిప్పినా పరిస్థితి చెయ్యి దాటుతుంది. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, స్పీడు దానంతటదే తగ్గేదాకా ఓపిక పట్టాలి. ఊగుడుని తగ్గించే స్టెబిలైజర్లు వచ్చాయి, మంచివే. కానీ బరువులు కుదరని జతని అవి కుదిర్చిపెట్టవు.

దిగుడు రోడ్డు ఇంకో సంగతి. కారవాన్‌కి కారు నుంచి బ్రేకు పైపేమీ రాదు. కారు నెమ్మదించగానే వెనక బండి తన ఊపుతో ముందుకొచ్చి హిచ్‌ని, అంటే కారుకి తగిలించే తన ముందు కొసని, నొక్కుతుంది. ఆ నొక్కుడుకి హిచ్ వెనక ఉన్న రాడ్డు లోపలికి పోయి చక్రాల బ్రేకుల్ని పట్టిస్తుంది. అంటే కారవాన్ మిమ్మల్ని తోస్తేనే దాని బ్రేకు పడుతుంది! తోసేదాని బరువూ తోయించుకునేదాని బరువూ దాదాపు ఒకటే అయితే, తడి రోడ్డు మీద, వంపులో, ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

బుజ్జీ, నువ్వు నోస్ వెయిట్ గురించి అడిగావు. మా ఊళ్లో ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు ముందు బరువెక్కితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చునేది, వెనక బరువెక్కితే నొగ పైకి లేచి కాడి మెడ మీంచి ఊడొచ్చేది. బండి తోలేవాడు రెండు బస్తాలు ముందుకో వెనక్కో జరిపి, నొగ చేత్తో ఎత్తి చూసుకునేవాడు. నోస్ వెయిట్ అంటే అదే, కారు వెనక ఉండే టోబాల్ అనే ఇనుప గుండు మీద కారవాన్ ముందుభాగం మోపే బరువు. సామాను నింపిన కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. 1,250 కిలోల కారవాన్ అయితే 63 నుంచి 87 కిలోల దాకా. కానీ కారుకో హద్దు, ఆ గుండుని పట్టుకునే టోబార్‌కో హద్దు, కారవాన్ హిచ్‌కో హద్దు ఉంటాయి. మూడింటిలో ఏది తక్కువైతే దాన్నే పాటించాలి. మీ కారుకి 80 అని రాసి ఉంది కాబట్టి 75–80 మధ్య చూసుకోండి. దానికోసం ఖరీదైన పరికరం అక్కర్లేదు. బాత్రూమ్‌లో బరువు చూసుకునే మెషీన్ మీద చెక్కముక్క నిలబెట్టి, కారవాన్‌ని సమంగా ఉంచి, హిచ్ ఆ చెక్క మీద ఆనేలా కారవాన్ ముందుండే చిన్న చక్రాన్ని, అంటే జాకీ వీల్‌ని, పైకి తిప్పితే అంకె వచ్చేస్తుంది. ఆ 80 కిలోలు మీ కారు మోసే సామాను లెక్కలోకే వస్తాయి, వెనక ఇరుసు లెక్కలోకి కూడా. డిక్కీ నిండా కుక్కాక ఇది గుర్తొస్తే ఉపయోగం లేదు.

సామాను దగ్గరే అందరూ బోల్తా పడేది. స్టిక్కర్ మీద ఎంటీపీఎల్‌ఎం అని ఉన్నది గరిష్ఠ బరువు, మైరో అని ఉన్నది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి బరువు. ఆ రెంటి తేడానే మీరు సర్దుకోగలిగిన సామాను. మీరు చూసిన బండికి 1,450లోంచి 1,290 పోతే 160 కిలోలు. చాలా ఉందనిపిస్తుంది కదా? కారు లేకుండా కారవాన్‌ని జరిపే మోటార్ మూవర్ 35 దాకా తింటుంది. బ్యాటరీ ఇరవై పైనే. ముందు వేసే గుడారం పాతికకి తక్కువ కాదు. 6 కిలోల ప్రొపేన్ ఇనుప సిలిండర్‌తో కలిపితే 15. అప్పుడే సుమారు తొంభై ఐదు అయిపోయాయి, ఇంకా ఎవరి బట్టలూ ఎక్కలేదు. మీ అమ్మ కుక్కరూ, పది కిలోల బియ్యమూ, టేబుల్‌టాప్ గ్రైండరూ లేకుండా బయల్దేరదని నాకు తెలుసు. గ్రైండర్ ఇంట్లో వదలమనండి, రుబ్బిన పిండి డబ్బాలో తెచ్చుకోవచ్చు. నీళ్లు మాత్రం నింపుకుని రావద్దు. లీటరు నీళ్లు కిలో బరువు, 40 లీటర్ల డ్రమ్ము అంటే ఒక పిల్లవాణ్ణి అదనంగా ఎక్కించుకున్నట్టే. సైటులో కుళాయి ఉంటుంది. బరువైన వస్తువులు ఇరుసు పైన నేల మీదే పెట్టాలి. పై అరల్లో దుప్పట్లు, బ్రెడ్డు లాంటివి చాలు. తోకలో, అంటే వెనక చివర, సైకిళ్లు తగిలించే ఆలోచన చిన్నోడిదై ఉంటుంది. వద్దు నాయనా, ఊగుడుకి మొదటి కారణం అదే అవుతుంది.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1997 జనవరి 1 నుంచి కారు టెస్టు పాసైనవాళ్లు పెద్ద ట్రెయిలర్ లాగాలంటే ఇంకో డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబర్ 16 నుంచి ఆ పరీక్ష తీసేశారు. ఇప్పుడు మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగొచ్చు. బుజ్జీ, రేపు నీకు లైసెన్సు వచ్చిన మర్నాడే నువ్వూ లాగొచ్చన్నమాట! అలాగని లాగమని కాదు. మీ నాన్నని మాత్రం ముందు క్లబ్బు వాళ్ల టోయింగ్ కోర్సుకి పంపండి. మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు, మామూలు రెండువైపుల రోడ్ల మీద 50 దాటకూడదు. మూడు లేన్లున్న చోట కుడి చివరి లేన్ మనది కాదు. కారు కంటే కారవాన్ వెడల్పు కాబట్టి టోయింగ్ అద్దాలు తప్పనిసరి. వెనక నంబర్ ప్లేటు కారుదే ఉండాలి.

ఇక నా మాట. ఆ 1,450 వదిలేయండి. 1,250 లోపు ఎంటీపీఎల్‌ఎం ఉన్నది, నలుగురు పడుకునేది వెతకండి. మీ కారుకి 82 శాతం అవుతుంది. బాత్రూమ్ కాస్త ఇరుకుగా ఉంటుంది, సర్దుకోండి. కొన్నాక మొదటి ప్రయాణానికి అంతా సర్దేసి, గ్యాస్‌తో సహా, కారవాన్‌ని కాటా వేయించండి. మీ కౌన్సిల్‌లో అడిగితే వేబ్రిడ్జి ఎక్కడుందో చెబుతారు, కొద్ది పౌండ్లతో పని అయిపోతుంది. రేకు మీది హద్దు దాటితే అది సలహా కాదు, నేరం. రోడ్డు మీద ఆపి తూకం వేయించే అధికారం పోలీసులకుంది. లెక్క తేలని సామాను కాటా దగ్గరే దించేయండి.

మా ఊరు వచ్చేటప్పుడు ఎం1 మీంచి ఏ1 పట్టుకుని, బ్రామ్‌హామ్ దగ్గర ఏ64 ఎక్కి, యార్క్ దాటి మాల్టన్ మీదుగా రండి. సెలవుల్లో ఏ64 మీద ట్రాఫిక్ నిలిచిపోతే కారులో దారి చూపే సాట్‌నావ్ థర్స్క్ వైపు తిప్పి ఏ170 చూపించవచ్చు. దాని మాట వినొద్దు. ఆ దారిలో సటన్ బ్యాంక్ ఉంది. నాలుగడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు, మధ్యలో హెయిర్‌పిన్ మలుపు. కారవాన్లని అటు రానివ్వరు. మీ వెనక కారవాన్ ఉందని మామూలు సాట్‌నావ్‌కి తెలియదు కదా. ఆలస్యమైనా ఏ64 మీదే రండి, భోజనం వేడి చేసి పెడతాం.

మీ తాతయ్య