4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిన విమానం

డబ్బు ప్రాసెసర్ మీద పెట్టాలా, గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలా? ఫ్లైట్ సిమ్యులేటర్ (విమానం నడిపే గేము, పొట్టిగా ‘సిమ్’) ఆడేవాళ్ల మధ్య ఈ పాత తగువు మళ్లీ రాజుకుంది. ఈసారి అగ్గి పెట్టింది ఎన్‌విడియా కంపెనీ 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు. 549 డాలర్ల 5070 కార్డు, ఒకప్పుడు 1,599 డాలర్లకు వచ్చిన పాత తరం 4090తో సమానంగా పనిచేస్తుందని 2025 జనవరిలో ఆ కంపెనీ అధిపతి జెన్‌సెన్ హువాంగ్ వేదిక మీద ప్రకటించారు. ఆ సమానత్వంలో పెద్ద వాటా కార్డు తనే కల్పించుకునే ఫ్రేములది, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలది. మామూలు గేముల వాళ్లు కొన్నాళ్లు కీచులాడుకుని వదిలేశారు. సిమ్ వాళ్లు మాత్రం వదల్లేదు. వాళ్ల పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే 2004కు వెళ్లాలి.

1982 నాటి మైక్రోసాఫ్ట్ తొలి ఫ్లైట్ సిమ్యులేటర్, గీతలతో గీసిన రన్‌వేలు, ఫ్లాపీల కాలం అందరికీ తెలిసినవే. అవి వదిలేద్దాం.

2000 నవంబరులో ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్ వచ్చినప్పుడు వేగం 1.5 గిగాహెర్ట్జ్. రెండేళ్లు తిరిగేసరికి 3.06. ఇదే డిజైన్‌ను 10 గిగాహెర్ట్జ్ దాకా లాక్కెళ్తామని ఇంటెల్ ధీమాగా చెప్పుకుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు అంతకన్నా హాయి ఏముంటుంది? ఈ ఏడాది ఈడ్చుకుంటూ నడిచే కోడ్, రెండేళ్లు ఆగితే కొత్త చిప్ మీద దానంతటదే పరిగెడుతుంది. పనిని విడగొట్టి నలుగురికి పంచే తలనొప్పి ఎవరికి కావాలి?

2004లో ఆ లెక్క తప్పింది. చిప్‌లు విపరీతంగా వేడెక్కిపోతున్నాయి. మే నెలలో, టెజాస్ అనే తర్వాతి తరం చిప్‌ను ఇంటెల్ రద్దు చేసింది. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కూడా రాదని తేల్చేసింది. ఆ నెలలోనే ఒక సదస్సులో సీఈఓ క్రెయిగ్ బారెట్ వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ అడిగారు. నవ్వించడానికే చేశారు, జనం నవ్వారు కూడా. నన్నడిగితే మాత్రం సిమ్ చరిత్రలో అంతకన్నా ముఖ్యమైన దృశ్యం లేదు. పెంటియం 4 చివరికి 3.8 దగ్గర ఆగిపోయింది. 2006 జులైలో వచ్చిన కోర్ 2 డుయోలో గిగాహెర్ట్జ్ తగ్గి, కోర్‌లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) రెండయ్యాయి. ఇకపై వేగం కావాలంటే పని పంచుకోవాల్సిందే.

దాదాపు మూడు నెలలకు, 2006 అక్టోబరులో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ వచ్చింది. పాత భాగాల నుంచి వారసత్వంగా వచ్చిన ఇంజిన్. దాదాపు పనంతా ఒకే వరసలో, ఒకే కోర్ మీద. రెక్కల మీద గాలి లెక్క, ఇంజిన్ లెక్క, ఆటోపైలట్, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, కాక్‌పిట్ మీటర్లు, చివరగా ‘ఈ బిల్డింగు గియ్యి, ఆ చెట్టు గియ్యి’ అని గ్రాఫిక్స్ కార్డుకు ఒక్కొక్కటిగా ఆర్డర్లు. ఇదంతా ఒక్కరే చేస్తున్నారు. పెళ్లిలో వడ్డించడానికి యాభై మంది నిలబడితే ఏం లాభం, వంటవాడు ఒక్కడే అయితే? కార్డు ఆ వడ్డించే బృందం. గిన్నె వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడుతుంది.

2007 మేలో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1, నేల టెక్స్చర్లు (నేల మీద పరిచే బొమ్మలు) లోడ్ చేసే పనిని మిగతా కోర్‌లకు కొంత పంచింది. అసలు వరస మాత్రం అలాగే ఉండిపోయింది. 2009 జనవరిలో ఆ సిమ్ తయారుచేసిన స్టూడియోనే మైక్రోసాఫ్ట్ మూసేసింది. తర్వాత ఏళ్ల తరబడి మాకు మిగిలిన వైద్యం నోట్‌ప్యాడే. కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, ఏ కోర్‌లు వాడాలో సిమ్‌కు చెప్పే ‘అఫినిటీ మాస్క్’ లైను, ఎవరో చెప్పింది, అతికించి, రాత్రి రెండింటికి మళ్లీ సిమ్ స్టార్ట్ చేసి చూసుకోవడం. ఆ రోజుల్లోనే ఒక షాపులో ‘ఏ గేముకైనా కార్డే ప్రాణం సార్’ అంటే నమ్మి, రెండు నెలల జీతం పోసి కార్డు కొన్నాను. పెద్ద ఎయిర్‌పోర్టులో సెకనుకు 18 ఉన్న ఫ్రేములు 19 అయ్యాయి.

ఇక్కడ మధ్యలో చాలా ఏళ్లు దాటేసి 2022కు వస్తున్నాను, ఎందుకంటే తగువుకు అసలు సాక్ష్యాలు రెండూ ఆ ఏడాదే దొరికాయి.

మొదటిది ఏప్రిల్‌లో. ఇంటెల్ పోటీదారు ఏఎండీ, రైజెన్ 7 5800ఎక్స్3డీ అనే ప్రాసెసర్ వదిలింది. దాని అన్న 5800ఎక్స్ 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తే, ఇది 4.5 దగ్గరే ఆగుతుంది. కోర్‌లు రెండింట్లోనూ ఎనిమిదే. తేడా ఒక్కటే, చిప్ మీద ఇంకో పొర పేర్చి ఎల్3 క్యాష్ మెమరీని 32 మెగాబైట్ల నుంచి 96కు పెంచారు. అంటే వంటవాడి వేగం పెంచలేదు, పక్కనే పెద్ద బల్ల వేసి సరుకులన్నీ చేతికందేలా పెట్టారు. ప్రతిసారీ స్టోర్ రూముకు, అంటే ర్యామ్‌కు, పరిగెత్తే పని తగ్గింది. సమీక్షల్లో దీనివల్ల బాగా లాభపడ్డ గేముల జాబితాలో, మైక్రోసాఫ్ట్ 2020లో మళ్లీ తెచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ముందు వరసలో నిలిచింది. ఇరవై ఏళ్లుగా గిగాహెర్ట్జ్ కోసం ఎదురుచూసిన వాళ్లకు మందు ఇంకో సీసాలో దొరికిందన్నమాట. 2023లో 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో 9800ఎక్స్3డీ అదే దారిలో వచ్చాయి.

రెండో సాక్ష్యం సెప్టెంబరులో, అదీ అవతలి పక్షం నుంచే. కార్డే ఫ్రేములు కల్పించే ఫ్రేమ్ జనరేషన్‌ను పరిచయం చేస్తూ ఎన్‌విడియా, ప్రాసెసర్ దగ్గర ఇరుక్కుపోయే గేములకు కూడా ఇది రెట్టింపు ఫ్రేములు ఇస్తుందని చెప్పింది. ఉదాహరణగా ఎంచుకున్న గేముల్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఒకటి. అడ్డంకి ఎక్కడుందో కార్డు అమ్మేవాళ్లే ఒప్పుకున్నాక ఇంకా వాదన ఏముంది?

ఉంది. కార్డు పక్షం వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. 2020 ఆగస్టులో అసోబో స్టూడియో తయారుచేసి తెచ్చిన ఆ సిమ్‌లో మేఘాలు, వెలుతురు కార్డుకు నిజంగానే బరువు. ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు దాదాపు 21 లక్షలు, 4కేలో 83 లక్షలు. వీఆర్ కళ్లజోడు పెట్టుకుంటే రెండు కళ్లకూ విడివిడిగా గీయాలి. వీడియో మెమరీ నిండిపోతే ఏ ప్రాసెసర్ ఉన్నా స్క్రీన్ కుంటుతుంది.

ఎవరు చెప్పింది నిజమో మన కంప్యూటర్‌లోనే తేల్చుకోవచ్చు. ఆ సిమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ కౌంటర్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో చూపేది) తెరిస్తే, ఆపుతున్నది మెయిన్ థ్రెడ్డా (ప్రాసెసర్ మీది ఆ అసలు వరస), జీపీయూనా (గ్రాఫిక్స్ కార్డు) అని అదే రాసి చూపిస్తుంది. శంషాబాద్ నుంచి బయల్దేరి 35 వేల అడుగుల ఎత్తులో మేఘాల మీద వెళ్తున్నప్పుడు జీపీయూ అని రావచ్చు. అదే విమానం సిమ్‌కు విడిగా చేర్చుకున్న పెద్ద యాడ్ఆన్ ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర ఆగి, చుట్టూ ట్రాఫిక్, కాక్‌పిట్‌లో ఆరు తెరలూ వెలుగుతుంటే మెయిన్ థ్రెడ్ అని మారిపోతుంది. అప్పుడు రెండర్ స్కేలింగ్‌ను (బొమ్మ ఎన్ని చుక్కల్లో గీయాలో చెప్పే సెట్టింగు) 100 నుంచి 50కి దించి చూడండి. బొమ్మ మసకబారుతుంది, ఫ్రేముల లెక్క మాత్రం పెరగదు. టెర్రైన్ డీటెయిల్ (నేల వివరాలు) తగ్గించండి, పెరుగుతుంది.

2024 నవంబరు 19న వచ్చిన దాని తర్వాతి సిమ్‌లో పనిని కోర్‌లకు బాగా పంచామని అసోబో చెప్పింది. (మొదటి రోజు సర్వర్లే కూలబడ్డాయి కాబట్టి ప్రాసెసర్‌నూ కార్డునూ తిట్టే అవకాశం ఎవరికీ దక్కలేదు.) పంచిన మాట నిజమే, ఫలితం కనిపిస్తోంది కూడా. కానీ గాలి లెక్క తేలకుండా రెక్క ఎటు వంగాలో తెలియదు, రెక్క సంగతి తెలియకుండా బొమ్మ గీయలేం. ఆ వరసను విడగొట్టడం ఎవరి తరమూ కాలేదు. ఎక్స్‌ప్లేన్ అనే మరో సిమ్‌లో ఇది ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. అక్కడ ఫ్రేములు సెకనుకు 20 కంటే కిందికి పడిపోతే సిమ్‌లో కాలమే నెమ్మదిస్తుంది. గడియారంలో నిమిషం గడిచినా విమానం నిమిషం దూరం వెళ్లదు.

ఇప్పటి గొడవలో అసలు మెలిక ఇదే. 50 సిరీస్ కార్డు ఒక్కో అసలు ఫ్రేముకు మూడు ఫ్రేములు కల్పించగలదు. అలా ప్రాసెసర్ సెకనుకు 30 ఇస్తే తెర మీద 120 దాకా కనిపిస్తాయి, పక్క కిటికీలోంచి చూస్తే నేల వెన్నలా జారిపోతుంది. దిగేటప్పుడు రేడియో ఆల్టిమీటర్ (నేల ఎన్ని అడుగుల కింద ఉందో కొలిచేది) ‘ఇరవై’ అంటుంది, ఎయిర్‌బస్ గొంతు ‘రిటార్డ్, రిటార్డ్’ (ఇంజిన్ శక్తి తగ్గించు) అంటుంది, మీరు జాయ్‌స్టిక్ వెనక్కి లాగుతారు. ఆ లాగుడు లెక్కలోకి ఎక్కేది తర్వాతి అసలు ఫ్రేములోనే. మధ్యలో వచ్చిన మూడు బొమ్మలకూ మీరు చెయ్యి కదిపిన సంగతి తెలియదు.