రాడార్‌లో మా ఊరి మీద ఏమీ లేదు కదా!

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడితే చాలు, మా పలాస, సోంపేట వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. రాడార్ డేటా చూసే ఉద్యోగం కదా. ఇప్పుడు రాడార్ బొమ్మ అందరి ఫోన్లలోనూ ఉంది కాబట్టి ప్రశ్న ఇలా ఉంటోంది: "ఏటి బాబూ, రాడార్‌లో మా ఊరి మీద ఏటీ లేదు కదా, ఏటకెళ్లొచ్చా?" ఏట అంటే చేపల వేట.

అపోహ: రాడార్‌లో ఖాళీగా ఉంటే గాలీవానా లేనట్టే.

వెళ్లకూడదు. మన తీరంలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే.

రాడార్ బీమ్, అంటే అది పంపే రేడియో తరంగాల పుంజం, నేలను అంటిపెట్టుకుని పోదు. అన్నిటికన్నా కింద తిరిగే స్కాన్‌ను కూడా దాదాపు అర డిగ్రీ పైకి ఎత్తి తిప్పుతారు. దానికి భూమి వంపు తోడవుతుంది. మన వైపు చూసే రాడార్ విశాఖలో ఉంది. అక్కణ్ణుంచి శ్రీకాకుళం తిన్నగా 90 కిలోమీటర్లుంటుంది, అక్కడికే బీమ్ కిలోమీటరుకు పైన ఉంటుంది. పలాస దగ్గరికొచ్చేసరికి మూడు కిలోమీటర్ల ఎత్తు. ఆ కింద ఏం జరుగుతోందో విశాఖ రాడార్‌కు కనపడదు. పలాసకు 75 కిలోమీటర్లలో గోపాల్‌పూర్ రాడార్ ఉంది, ఇచ్ఛాపురానికైతే ఇంకా దగ్గర. కానీ అది ఒడిశాది కదా అని మనవాళ్లెవరూ తెరవరు. విశాఖ బొమ్మ ఒక్కటే గ్రూపుల్లో తిరుగుతుంది.

ఇక వెలాసిటీ బొమ్మ, అంటే గాలి వేగం చూపించేది. డాప్లర్ రాడార్ అంటే గాలి వేగం మొత్తం చెప్పేస్తుందనుకుంటారు. రాడార్ వైపు వచ్చే గాలి, రాడార్ నుంచి దూరంగా పోయే గాలి, ఈ రెండే దానికి తెలుస్తాయి. బీమ్‌కు అడ్డంగా వీచే గాలి ఎంత బలంగా ఉన్నా సున్నా దగ్గరే చూపిస్తుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. విశాఖ, శ్రీకాకుళం, గోపాల్‌పూర్ దాదాపు ఒకే గీత మీదున్నాయి. సముద్రం మీంచి ఆగ్నేయపు గాలి శ్రీకాకుళం మీదికి వస్తోందనుకోండి, అది రెండు రాడార్లకూ అడ్డగాలే! గంటకు 100 కిలోమీటర్ల గాలి కూడా ఆ చోట సున్నాకు దగ్గరగా కనిపించొచ్చు. మేం చుట్టుపక్కల ఉన్న మొత్తం అమరిక చూసి, తీరంలోని పరికరాల రీడింగులతో పోల్చి లెక్క తేలుస్తాం. ఫోన్లో ఒక చుక్క మీద వేలు పెడితే అదంతా తెలియదు.

టైము సంగతి కూడా ఉంది. ఒక పూర్తి స్కాన్‌కు దాదాపు పది నిమిషాలు పడుతుంది, అది ఫోన్‌కు చేరేసరికి ఇంకొంత. జీడిపిక్కలు ఏరే ఎండాకాలంలో, మధ్యాహ్నం ఉత్త ఆకాశంలో పుట్టిన మేఘం ముప్పావు గంటలో పిడుగుల మేఘమైపోతుంది. మీరు చూసే బొమ్మ జరిగిపోయినది. జరగబోయేదానికి వాతావరణ శాఖ బులెటిన్ చదవాలి.

బులెటిన్ అంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చే ముందు గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందన్నారు. మా చిన్నాన్న చెవికి మొదటి పేరే ఎక్కింది. "గోపాల్‌పూర్ అంటన్నారు, మనకేటి?" అన్నాడు. ఆ రెండిటి మధ్యలో ఉన్నది మన ఉద్దానమే చిన్నాన్నా అని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర్లోనే దాటింది, గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో. మనుషులు పక్కా ఇంట్లోకి మారారు కాబట్టి బతికారు. కొబ్బరి తోటే పోయింది. పడిపోయిన చెట్ల మొదళ్ల మధ్య పినతల్లి చెట్టు చెట్టుకూ ఎవరు నాటారో చెబుతూ తిరిగింది.

ఇంకోటి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతే అయిపోయిందని గేదెను చూడ్డానికి బయటికి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే బలంగా కొడుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విండీ యాప్‌లో తిరిగే రంగుల సుడిగాలి రాడార్ కాదు, కంప్యూటర్ మోడల్ అంచనా. వారం తర్వాతి సుడిగుండాన్ని స్క్రీన్‌షాట్ తీసి "రాడార్‌లో చిక్కిన మహా తుఫాను" అని పంపేవాళ్లకు దండం. అండమాన్ దగ్గరున్న తుఫాను విశాఖ రాడార్‌కు అందదు, దాన్ని ఉపగ్రహం చూస్తుంది. రాడార్ ఎంత సాగదీసినా 500 కిలోమీటర్లు, గాలి వేగానికైతే 250 లోపే. రాడార్ వల్ల వానలు పోతున్నాయన్నది వట్టి పుకారు.

పిడుగును కూడా రాడార్ నేరుగా పట్టదు, దానికి వేరే సెన్సార్లున్నాయి. ఆ సమాచారం దామిని యాప్‌లో వస్తుంది. పొలంలో ఉన్నప్పుడు ఉరుము వినపడితే యాప్ కూడా తెరవకండి, చెట్టు కిందికి పోకుండా ముందు పక్కా ఇంట్లోకి వెళ్లండి. ఫోన్ నాకు తర్వాత చేయొచ్చు.