జికా: దోమ దగ్గరే ఆగని వైరస్

మొన్న నిల్వ నీళ్లు పారబోసే డ్రై డే నాడు విశాఖలో మా మేడ మీద పూలకుండీ కింది పళ్లెం వంచి చూశాను. వేలెడు లోతు లేని నీళ్లలో పురుగులు లుకలుకలాడుతున్నాయి. నా నీడ పడగానే అడుక్కి జారిపోయాయి. ఏడిస్ దోమ పిల్లలవి. డెంగీని మోసే ఆ దోమే జికానీ మోస్తుంది. కానీ జికాకు ఇంకో దారి ఉంది. దాని గురించి మనం ఇళ్లలో మాట్లాడుకోం.

ఈ వైరస్ 1947లో ఉగాండాలోని జికా అడవిలో, ఒక కోతి రక్తంలో దొరికింది. తర్వాత చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

2008లో బ్రయాన్ ఫోయ్ అనే అమెరికా శాస్త్రవేత్త సెనెగల్‌లో దోమల మీద పనిచేసి కొలరాడోలోని ఇంటికి చేరాడు. ఒంటి మీద దద్దుర్లు, కీళ్ల నొప్పులు. కొద్ది రోజులకు భార్యకూ అవే లక్షణాలు. ఆమె ఆఫ్రికా వెళ్లలేదు, వాళ్లుండే చోట ఆ దోమ లేదు. అదే ఇంట్లో ఉన్న నలుగురు పిల్లలకూ ఏమీ కాలేదు. మిగిలింది భార్యాభర్తల కలయిక ఒక్కటే. జబ్బు పేరు జికా అని తేలడానికే చాలా కాలం పట్టింది. 2011లో ఆయన ఆ సంగతి, తన ఇంటిదే అయినా, దాచకుండా పత్రికలో రాశాడు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

2013లో పసిఫిక్ దీవి తాహితీలో ఒకరి వీర్యంలో వైరస్ కనబడింది. 2015లో బ్రెజిల్‌లో, గర్భంతో ఉండగా జికా సోకిన తల్లులకు చిన్న తలలతో పిల్లలు పుట్టడం చూశాక ప్రపంచం ఉలిక్కిపడింది. 2016 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. జికా ఉన్న చోటి నుంచి వచ్చినవాళ్లు ఆరు నెలలు కండోమ్ వాడాలని అప్పట్లో చెప్పారు. తర్వాత దాన్ని మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు రెండు నెలలు చేశారు. జ్వరం రాకపోయినా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే సోకినవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలే కనబడవు. భార్య గర్భవతి అయితే కాన్పు అయ్యేదాకా జాగ్రత్త తప్పదు. టీకా ఇంకా లేదు.

2018లో జైపూర్, 2021లో కేరళ, కాన్పూర్ జికాను చూశాయి. మనది ఓడరేవు ఊరు. మా పిన్ని కొడుకు ఓడలో పనిచేస్తాడు. ఈమధ్యే బ్రెజిల్ రేవుల నుంచి వచ్చాడు, భార్యకు నాలుగో నెల. దోమతెర కొన్నాడు, డ్రమ్ములకు మూతలు పెట్టించాడు. రెండో జాగ్రత్త మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. మేడ మీదికి పిలిచి నేనే చెప్పాను. తల దించుకుని అంతా విన్నాడు.

"కాన్పు దాకానా అన్నయ్యా?"

అవునన్నాను. చెప్పులేసుకుని మందుల షాపుకి బయల్దేరాడు.